సగంలో ఆపిన పరీక్ష

పాంగ్యో,
నవంబరు 19, బుధవారం.

పాంగ్ ఓక్-సున్ గారికి,

మిన్ సాంగ్-రోక్ నమస్కరించి రాస్తున్నది. చలి ముదిరింది. మీ మోకాళ్ల నొప్పి ఎక్కువ కాకూడదని కోరుకుంటున్నాను.

ఆదివారం మీరు తెచ్చిన కిమ్చీ పచ్చడి డబ్బాను గుమ్మంలోనే నేలకేసి కొట్టాను. ఎర్రటి పులుసు మెట్ల మీదుగా కారింది. మీరు వంగి చేతులతో ఎత్తబోతుంటే, కదలకపోతే మిమ్మల్నీ ఆ మెట్ల మీదికే తోసేస్తానన్నాను. పెద్దవాళ్లతో అనవలసిన మాట కాదు. కానీ ఇంకాసేపు ఉంటే తోసేవాణ్ణే.

మీరు మోకాళ్ల మీద కూర్చుని, "బాబూ, మా హ్యోన్-గ్యుకి పెద్ద శిక్ష వద్దని కోర్టుకిచ్చే కాగితం మీద ఒక్క సంతకం పెట్టు. నిన్నూ నా కొడుకే అనుకుంటా" అన్నారు. పెట్టనన్నాను. అప్పుడు మీ గొంతు మారింది. "మీ ఆవిడ మాత్రం తక్కువ తిన్నదా? బ్యాంకు ప్రోగ్రాములు రాసి రాసి కళ్లు పోగొట్టుకున్నవాణ్ణి చిన్నపిల్లాడిలా పరీక్షకు కూర్చోబెట్టింది. సగంలో ఇక చాల్లెమ్మంది. జీతమెంత కావాలని అడిగి, వాడు నోరు తెరిచి చెప్పాక, బయటికెళ్లి ఫోన్లో పకపకా నవ్వింది. ఏ మగాడి రక్తం ఉడకదు?" అన్నారు. కోర్టులో మీ లాయరు వాదన కూడా ఇదే. ఆ నవ్వే మీ అబ్బాయిని రెచ్చగొట్టిందని జడ్జి నమ్మితే శిక్ష తగ్గుతుంది.

జరిగింది మీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. నా భార్య హ్వా-యంగ్ తన కంపెనీలోకి ప్రోగ్రాములు రాసేవాళ్లను ఎంచేది. ఆ రోజు ఆమె నడవాలో నిలబడి మాట్లాడుతుండగా, మీ అబ్బాయి గోడకున్న మంటలార్పే సిలిండర్ ఊడబెరికి వెనక నుంచి తల మీద కొట్టాడు. ఆమె పడ్డాక కూడా ఆపలేదు. పక్క గది అద్దం పగిలి ఆమె మీద కూలింది. అడ్డం వెళ్లిన కాపలా మనిషి ముంజేయి విరిగింది. ఆసుపత్రిలో నాకు ముఖం చూపించలేదు. బొటనవేలి మీది కాలిన మచ్చ చూసి ఆమేనని చెప్పాను.

నాకూ చంపాలనే ఉంది. మొదటి వాయిదా నాడు అతన్ని లోపలికి తెస్తుంటే పోలీసుల మధ్యకు దూరి మెడ పట్టుకున్నాను. ముగ్గురు కలిసి లాగితే గాని వదల్లేదు. నా గోళ్లలో అతని చర్మం మిగిలింది. అతను చెయ్యి కూడా ఎత్తలేదు. "ఆవిడ నవ్విందండీ" అన్నాడు, అంతే.

సంతకం పెట్టను. మళ్లీ రావద్దు. ఈసారి నన్ను నేను ఆపుకోగలనన్న నమ్మకం లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
మిన్ సాంగ్-రోక్

తాజా కలం: ఆ ఫోన్లో ఇవతల ఉన్నది నేను. దాడి జరుగుతున్నప్పుడు ఏం వినిపించిందని పోలీసులు అడిగారు గాని, అంతకుముందు ఆమె ఏమన్నదని అడగలేదు. "ఏవండీ, దొరికాడు. పాత బ్యాంకు వ్యవస్థల పని ఇంత బాగా తెలిసినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు. ఇంకా పరీక్షించడానికేముందని సగంలోనే ఆపేశా. జీతం ఏడాదికి ఐదు కోట్ల వోన్లు చాలన్నాడు, పిచ్చిమారాజు. పైవాళ్లను ఒప్పించి ఏడు ఇప్పిస్తా" అంది. "ఆ పై రెండూ మనింటికి పంపకూడదూ" అన్నాను. దానికి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే మొదటి దెబ్బ విన్నాను.

వచ్చే గురువారం ఇదంతా కోర్టులో చెబుతాను. ఈలోగా జైలుకు వెళ్లి మీ అబ్బాయికి మీరే చెప్పండి, ఉద్యోగం వచ్చిందని.