పెదవులు కదిపితే చాలట

శంషాబాద్

బాపూ, ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్‌లో చెబితే అరుస్తానని కార్డు రాస్తున్నాను.

పోలాండ్ నుంచి వాండా క్రెమ్‌స్కా అనే సంగీతకర్త ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు పెద్ద పెద్ద వాద్యబృందాలకు సింఫనీలు రాస్తుంది కానీ, మొదట్లో బట్టల మిల్లులో పనిచేసే ఆడామగా పాడుకోవడానికి పాటలు రాసిందట. అందులో ఒకటి మా కొత్వాల్‌గూడ చర్చి బృందం ఎండాకాలమంతా కష్టపడి నేర్చుకుంది. తీరా ఎయిర్‌పోర్టు దగ్గరి హాలుకు పోతే, ఆమె కోసం కచేరీ పెట్టించిన మన ప్రేమమ్మత్త కొడుకు శామ్ వచ్చి, "రికార్డు పెడుతున్నం వదినా. మీరు పెదవులు కదిపితే చాలు, ముసలామెకు ఏం తెలుస్తది" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "గట్లయితే బొమ్మలను తెచ్చి నిలబెట్టుకో" అని అందరినీ బయటికి తీసుకొచ్చేశాను.

పాడేవాళ్లు ఏరని అడుగుతూ వాండాయే పార్కింగ్‌లోకి వచ్చింది. కార్ల మధ్యనే మాతో పాడించింది. రెండో చరణంలో ఆపి, మగవాళ్లు వెనకబడుతున్నారని మందలించి, మళ్లీ మొదటి నుంచి పాడించింది. ఆ రోజు మా పాట నిజంగా విన్నది ఆమె ఒక్కతే.

అమ్మను మోకాలికి దవాఖానలో చూపించావా? బోరు మోటారు బాగయిందా? ఎవరైనా ఇటు వస్తే కారం పంపించు.

శామ్ నీకు ఫోన్ చేస్తాడు. అత్త ఏడ్చినా సరే, నా తరఫున క్షమాపణ మాత్రం చెప్పకు. అమ్మకు, తమ్ముడికి ప్రభువు తోడుండాలి.

నీ బిడ్డ,
సునీల