సైన్సు గది గడియ

సుశీలక్కా,

నువ్వు చనిపోయిన మూడో నెలకి, ఈరోజు సైన్సు గది తలుపుకు గడియ పెట్టించారు.

పాపను రాజంపేటలో వదిలి ఈ బడికొచ్చే నేను, పాలు ఎండిపోకుండా ఇంటర్వెల్లులో ఆ గదిలో కూర్చుని గ్లాసులోకి పిండుకునేదాన్ని. నువ్వు నీ టీ మానుకుని, బయట తలుపుకు వీపు ఆనించి నిలబడేదానివి. "యాడికిరా? అవతలికి పోండి!" అని నువ్వు పిల్లల్ని అదిలిస్తుంటే, లోపల నాకు పాలు చేపుకొచ్చేవి.

నువ్వు పోయాక తలుపుకు బల్ల అడ్డం పెట్టుకున్నాను. అడుగుల చప్పుడు వింటే చాలు, పాలు ఆగిపోయేవి. పోయిన వారం నుంచి చుక్క లేదు. పాప డబ్బాపాలు తాగుతోంది.

"ఇంగ ఎవురూ కాపలా ఉండబన్లేదు టీచరమ్మా" అంది ఆయా.

గడియ వేసుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను. బయట పిల్లలు తలుపు తోస్తూనే ఉన్నారు. ఎవరూ అదిలించలేదు.