అయిదో చెయ్యి

హాలోవే, జార్జియా
జూన్ 15, 1970

ప్రేమతో నాన్నకు,

ఆపరేషన్ చేసిన కంటికి కట్టు విప్పారా? ఈ ఉత్తరం అత్తచేత చదివించుకుంటారని తెలిసే రాస్తున్నాను. మీ ఎదుట నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. పోయిన మంగళవారం స్కూలు బోర్డు మీటింగులో మన పైన్‌గ్రోవ్ బడి మూసెయ్యాలని తీర్మానించారు. అయిదుగురం చేతులెత్తాం. అయిదో చెయ్యి నాది.

తెల్లపిల్లల్నీ మన పిల్లల్నీ ఒకే బళ్ళో కూర్చోబెట్టమని కోర్టు చెప్పింది కదా. ఏ బడి ఉంచాలో, ఏది మూయాలో తేల్చే పని మా బోర్డుది. మీటింగుకి ముందు ఛైర్మన్ టేట్ నన్ను వరండాలోకి పిలిచాడు. "నువ్వు కూడా చెయ్యెత్తావనుకో, జడ్జి మారుమాట్లాడడు. ఆగస్టుకల్లా మీ పిల్లలు మా బళ్ళో ఉంటారు. ఎత్తనంటావా, మళ్ళీ కోర్టు, మళ్ళీ రెండేళ్ళు. అంతదాకా ఆ చిరిగిన పుస్తకాలే చదువుకోమను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కాగితాల్లో తొమ్మిదో పేజీలో మీ సంగతి ఉంది నాన్నా. ముప్పై నాలుగేళ్ళు హెడ్మాస్టరుగా చేసిన మీకు ఇకమీదట బడి బస్సుల అజమాయిషీ. మన టీచర్లు పన్నెండు మందికి అదీ లేదు. అది చదివాకే చెయ్యెత్తాను. చూసుకోలేదని మీతో అబద్ధమాడలేను.

ఈ కౌంటీలో బోర్డు కుర్చీ ఎక్కిన మొదటి నల్లమనిషిని నేను. నేను నడిపేది మనవాళ్ళ అంత్యక్రియల దుకాణం కాబట్టి తెల్లవాళ్ళు మా పొట్ట కొట్టలేరని మనవాళ్ళు నన్ను ఎన్నికల్లో నిలబెట్టారు. చావుకి తెల్లవాడి సిఫారసు అక్కర్లేదని ఆ రోజు మీరే నవ్వారు. ఇప్పుడు ఆ తెల్లవాళ్ళే నా భుజం తడుతున్నారు. పేపర్లో నా ఫోటో వేసి, వివేకం గల మహిళ అని రాశారు. నిన్న చర్చి మెట్లమీద సిస్టర్ ఒజెల్లా నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది: "పాతిపెట్టడం మీ ఇంటి పనేగా తల్లీ. మీ నాన్న బడిని కూడా శుభ్రంగా పాతిపెట్టావు."

కాదంటే పిల్లలకు ద్రోహం, అవునంటే మీకు. ఎటు తిరిగినా గోడే. బోర్డులో ఆ నలుగురు తెల్లవాళ్ళూ ముందే మాట్లాడుకుని వస్తారు. నా వంతుకి చెయ్యెత్తడమో దించడమో మిగులుతుంది. దీన్ని ప్రజాసేవ అనడానికి నాకు సిగ్గుగా ఉంది. వచ్చే సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను. నన్ను క్షమించానని ఒక్క మాట రాయించండి, చాలు.

మీ కూతురు,
వెర్డెల్

సవన్నా
జూన్ 18, 1970

అమ్మా వెర్డెల్,

నీ ఉత్తరం మీ అత్త రెండుసార్లు చదివింది. ఈ మాటలు నావి, దస్తూరీ ఆమెది.

క్షమించానని రాయించమన్నావు. రాయించను. ఇంకా క్షమించలేదు. ఆ బడికి మనవాళ్ళు ఆదివారాలు ఇటుకలు మోశారు, నువ్వు పుట్టకముందు మాట. ఆ కోపం నా దగ్గర ఉండనీ. కానీ బడిని వదులుకుని నిలబెట్టుకున్న కుర్చీని వాళ్ళకే ఒప్పజెప్పి వస్తానంటే మాత్రం ఒప్పుకోను. బడీ పోయి, కుర్చీ కూడా పోతే మనకు మిగిలేదేముంది?

బస్సుల పని నేను ఒప్పుకుంటున్నాను. మొదటి రోజు మన పిల్లలు దిగేచోట తెలిసిన మొహం ఒక్కటైనా ఉండాలి. ఆ పన్నెండు మంది టీచర్ల సంగతి అడగడానికి జూలై మీటింగుకి వస్తాను. ఊరివాళ్ళ వరసలో నిలబడి నిన్నే అడుగుతాను. తల దించుకోకుండా జవాబు చెప్పు.

తెల్లవాళ్ళు నన్ను ప్రొఫెసర్ అంటుంటే గౌరవమనుకుని చిన్నప్పుడు మురిసిపోయేదానివి. నల్లవాణ్ణి మిస్టర్ అనడానికి నోరు రాక పెట్టిన పేరమ్మా అది. జూలైలో ఆ మీటింగు గదిలో నన్ను నాన్నా అనకు. మిస్టర్ గ్యాస్కిన్ అని పిలువు. గుమాస్తాచేత మీటింగు మినిట్స్‌లో అలాగే రాయించు. మనవాడి పేరు ముందు ఆ మాట అక్కడ ఇంతవరకూ పడలేదు.

మీ నాన్న,
ఐసయా గ్యాస్కిన్