చాప చంకల పెట్టుకొని

శ్రీరాంపూర్,
తేది 11-9-2024, బుధవారం.

చిరంజీవి శ్యాంసుందర్‌కు, నిండు నూరేండ్లు సల్లగుండాలని కోరుకుంట అవ్వ రాస్తున్న ఉత్తరం.

కొడుకా, కరీంనగర్‌ల నువ్వు మంచిగున్నవని, యాళ్లకు తింటున్నవని అనుకుంటున్న. ఈ కాలంల ఉత్తరమేందని నవ్వకు. ఫోన్ చేస్తే మీ బాపు స్పీకర్ పెట్టుమంటడు. ఆయిన ఇనంగ చెప్పే ముచ్చట గాదిది. మన పక్క క్వార్టర్ కోమల వాళ్ల చెల్లెలింటికి అక్కడికే వస్తున్నదట, ఆమెతోని పంపుతున్న. నా రాత వంకర టింకరగుంటది, జర నిమ్మలంగ సదువుకో.

మీ బాపు షుగరు సంగతి నీకెర్కనే. గోలీలు మింగినా దిగకపోతే నేనే గుంజకపోయి మనోరమ టీచరమ్మ యోగా క్లాసుల కూసోబెట్టిన. మొదాలు ఎంత ఎక్కిరిచ్చిండో. బొగ్గుబాయిల పొద్దందాక వంగి పనిచేసెటోన్ని, పైకొచ్చినంక సుత వంగాల్నా అన్నడు. శవాసనం ఒక్కటే తనకు మంచిగొస్తదని, దాంట్లనే గురక పెట్టిండు. క్లాసంత నవ్విండ్రు. టీచరమ్మ మాత్రం, మొండయ్యన్నను లేపకుండ్రి, డ్యూటీ దిగి వచ్చిండు అన్నది. గా మాటకే కావచ్చు, తెల్లారి నేను లేపకముందే లేచి కూసున్నడు.

ఆసనాలేస్తున్నమని గోలీలు బంద్ చెయ్యొద్దు, గోలీలేసుకుంటున్నమని ఇష్టమొచ్చినట్టు తినొద్దు అని టీచరమ్మ రోజు చెప్పేది. మీ బాపు రాత్రి బువ్వ మానిండు. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు పెడితే కిక్కురుమనకుండ తినెటోడు. తిన్నంక కాలనీ గేటు దాక నడిచి వచ్చెటోడు. చాయల చక్కెర మానుడే పానం మీదికొచ్చింది ఆయినకు, కషాయం తాగినట్టు మొకం పెట్టెటోడు. అయినా మానిండు. షుగరు దిగింది. డాక్టరే మెచ్చుకున్నడు.

గప్పుడు గల్ఫ్‌కెల్లి మీ అన్న వీడియో కాల్ చేసి, బాపూ ఇయ్యాల ఏం నేర్చుకున్నవే అని అడిగెటోడు. మీ బాపు ఫోన్ నా చేతికిచ్చి, వాకిట్ల ఒంటికాలి మీద నిలబడి చూపెట్టెటోడు. తూలితే నా భుజం పట్టుకునెటోడు. అటు వాడు, ఇటు ఈయిన, ఒక్కతీర్గ నవ్వెటోళ్లు. నా కొడుకు నవ్వు నా చేతులల్ల ఉండె గప్పుడు.

లక్ష్మణ్ ఎండల పనిచేసుకుంట కూలిపోయిండని కబురొచ్చి, వాని పీనిగ డబ్బల వచ్చిన కాడికెల్లి ఈ ఇంట్ల ఏం మిగిలిందో నీకు చెప్పాల్నా. వాడు కాల్ చేసే యాళ్లకు ఇప్పటికీ నా కండ్లు ఫోన్ దిక్కే పోతయి.

దినాలయినంక కొన్నొద్దులకు మీ బాపు మల్ల చాప చంకల పెట్టుకొని పొద్దుగాల బయలెల్లిండు. నాకు పానం లేచొచ్చినట్టయింది. ఇద్దరిల ఒక్కరమన్న నిలబడ్డం అనుకున్న. వచ్చినంక రొట్టె పెడితే ఆకలైతలేదు అనెటోడు. యోగా చేసినంక గట్లనే ఉంటది కావచ్చనుకున్న, పిచ్చిదాన్ని.

పోయిన నెల కూరగాయల కాడ టీచరమ్మ కలిసింది. మొండయ్యన్నను జర పంపియ్యమ్మా, మనసు కుదుటపడుతది, మీ పిలగాడు పోయిన కాడికెల్లి ఒక్కనాడు సుత రాలే అన్నది. రోజు వస్తుండు గదా టీచరమ్మా అన్న. ఆమె నా మొకం చూసింది. నా సంచి అందుకొని ఇంటి దాక నాతోని నడిచింది.

తెల్లారి ఆయిన ఎనుక పోయిన. బస్టాండ్ కాడి హోటల్ల, చాప బల్ల కింద పెట్టి, జిలేబి తింటుండు. ఇష్టంగ తింటే కోపమొచ్చేది. ఇష్టంగ తింటలేడు కొడుకా. గోలీలు మింగినట్టు మింగుతుండు.

పోయి ఎదురుంగ కూసున్న. ఉలిక్కిపడలే. నాకు చాయ చెప్పిండు. గోలీలేం చేస్తున్నవంటే మోరీల పడేస్తున్న అన్నడు. అప్పుడు చెప్పిండు సంగతంత. బాయి పనికి పనికిరాడని డాక్టర్లు రాసిస్తే ఆ కొలువు కొడుకుకు వస్తదట. ఉత్త షుగరుకు రాయరట. కండ్లో కిడ్నీలో కరాబైతే రాస్తరని ఎవలో చెప్పిండ్రట. తన సర్వీసు ఎక్కువ లేదట, ఇగ ఆలిస్యం చేస్తే గది సుత రాదట.

పిచ్చి లేచిందా నీకు, చిన్నోడు బతకాల్నని నువ్వు సస్తవా అన్న. హోటలోడు ఇంటుండని సుత చూడలే. మీ బాపు వేళ్లకంటిన పాకం తుడుచుకున్నడు. గప్పుడు అన్నడు:

"పెద్దోన్ని డబ్బల తెచ్చుకున్న. చిన్నోన్ని విమానం ఎక్కనియ్యను. వానికిచ్చెతందుకు నా కాడ ఈ ఒళ్లు తప్ప ఏమున్నదే?"

 దానికి జవాబు నీ కాడ ఉన్నది కొడుకా.

నువ్వు దుబాయి ఏజెంటుకు పాస్‌పోర్ట్ ఇచ్చినవని తెలిసి ఆయిన ఫోన్‌ల లొల్లి పెట్టిండు, యాదికున్నదా. నీ కొలువన్న నాకియ్యి, లేకుంటే దుబాయికన్న పోనియ్యి అన్నవు. కోపాన అన్నవు, ఫోన్ పెట్టంగనే మర్శిపోయినవు. ఆయిన మర్శిపోలే. నిన్ను తప్పుబడుతలేను. మొబైల్ షాపోడిచ్చే జీతం కిరాయికే సాలదని నాకెర్కనే. వయసు పోరనివి, మనసు పరేషాన్ అయితే ఏమన్న అంటవు.

కానీ ఆ కొలువు ఇట్ల వస్తే నువ్వు బాయిల ఎట్ల దిగుతవు? జీతం తెచ్చి నా చేతిల పెడితే నేనెట్ల అందుకోవాలె? మీ బాపు కండ్లు పోగొట్టుకొని తెచ్చిన బువ్వ మన గొంతు దిగుతదా?

నేను చెప్తే ఇంటలేడు. టీచరమ్మ ఇంటికొచ్చి చెప్పింది, తలకాయ ఊపిండు, గంతే. నువ్వు రా. పాస్‌పోర్ట్ ఆ ఏజెంటు కాడికెల్లి తీసుకొచ్చి ఆయిన చేతిల పెట్టు. కొలువు నాకొద్దు బాపూ, దుబాయి సుత వద్దు, నువ్వు గోలి ఏసుకో అని ఎదురుంగ కూసుండి చెప్పు. ఫోన్లు బాగుచేసే పని మంచిర్యాలల చేసుకున్నా బతుకుతం. రోజు పొద్దుగాల పక్కకు కూసుండి, కుర్సీల కూసుండి చేసేటివన్న ఆయినతోని చేపియ్యి. నీ మాట ఒక్కటే ఇంటడు. నీ కోసమే గదా ఇదంత.

లక్ష్మణ్‌ను కాపాడుకునే మోక సుత నాకు దొరకలే. ఈయిన నా కండ్ల ముంగటున్నడు.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే అవ్వ,
బాలలక్ష్మి

మడిచిన ఉత్తరం మల్ల ఇప్పి రాస్తున్న: ఇగ దాసుడు నాతోని కాదు. ఇదంత నేను ఇంట్ల రాయలే, దవాఖాన వరండాల కూసుండి రాసిన. సోమవారం మీ బాపు ఎడమకాలి చిటికెన వేలు తీసేసిండ్రు. పుండైతే నాకు చూపెట్టకుండ సాక్సుల దాసుకున్నడు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడు, ఆ ఒట్టు తప్పుతున్న. నిన్న డాక్టరు కట్టు మార్చి, ఫికర్ చెయ్యకు పెద్దాయినా, కాలు బతికింది, మానితే మల్ల డ్యూటీకి పోవచ్చు అని మంచి మాటే చెప్పిండు. మీ బాపు గోడ దిక్కు తిరిగి ఏడ్శిండు. మీ అన్నను మట్టిల పెట్టిన నాడు సుత ఏడ్వనోడు. కాలు బతికిందంటే ఎందుకేడుస్తుండమ్మా అని డాక్టరు నన్నడిగిండు. ఇంటికొస్తే మల్ల గోలీలు మోరీలనే పడేస్తడు. వీళ్లు ఇంటికి పంపే లోపల నువ్వు రా.