చిసోమోకు నేర్పిన చదువు

సువార్తక్కా, ఇక్కడ మలావీలో ఆయన, పిల్లలు ప్రభువు దయవల్ల క్షేమం.

ఫోన్‌లో చెబితే స్పీకర్‌లో అవ్వ కూడా వింటుందని కార్డు రాస్తున్నాను. నేను బోధించడానికి వెళ్లే ఆడవాళ్ల జైలులో చిసోమో అనే పిల్ల ఉంది. ఆమె ఇంటి ఉత్తరాలు నేనే చదివి వినిపించేదాన్ని. బైబిలు తనే చదువుకోవాలని ఆరు నెలలు కూర్చోబెట్టి వాళ్ల భాషలో చదవడం నేర్పాను. మంగళవారం ఉత్తరం వస్తే నాకు ఇవ్వలేదు. అందరి ముందు వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. ఊళ్లో వదిలివచ్చిన కొడుకు చనిపోయాడు, పాతిపెట్టి రెండు వారాలైందట. తప్పు లేకుండా చివరిదాకా చదివి నా వైపు చూసింది. నేనైతే ఆ ముక్క దాటేసేదాన్ని అక్కా. నేర్పిందీ నేనే. అప్పటి నుంచి నాకు ప్రార్థన రావడం లేదు. ఆయనకు కూడా చెప్పలేదు.

బాపు కంటి ఆపరేషన్ అయిందా? చెరుకు ఈసారి ఎక్కడికి తోలారు? మోర్తాడ్ పసుపు కొంచెం పంపు. పాస్టరుగారికి, సంఘానికి మా వందనాలు చెప్పు.

అవ్వకు పైన మొదటి మాట, ఈ వందనాలు మాత్రం చదువు. “ఇంకేం రాసింది బిడ్డా?” అని అడుగుతుంది. “గంతే అవ్వ, మంచిగున్నరట” అని చెప్పు.

నీ చెల్లె,
కెజియ