చెట్టు వంచిన కాళ్లు

జనవరి 6, మంగళవారం

చేతి కట్టు విప్పి పది రోజులు. ఇవాళ పల్లె దవాఖానాకు పోయా. సరిత సిస్టర్ మెడ నుంచి మడమ దాకా చూసింది. పక్కన మా ఇంటామె ఎల్లమ్మ. నేను మాట్లాడనని దానికి తెలుసు.

"ఎట్ల పడ్డవ్ తాతా?"

నేను నేల చూస్తున్నా. ఎల్లమ్మే అందుకుంది. "యాభై ఏండ్లు తాటిచెట్లెక్కిండు సిస్టరమ్మా. ఒక్కనాడు జారలే. బోరింగు కాడ నాచు మీద జారి పడ్డడు!"

సిస్టర్ నవ్వు ఆపుకుంది. నాకు ఒళ్లు మండింది... లోపలే.

నిలబెట్టింది. నడిపించింది. వెనక నుంచి చూసింది. మోకాళ్లు వంచి చాపింది. "ఎడమ చెయ్యి సంగతి సరే. కాళ్లు గూడ వంకరున్నయి తాతా. మోకాళ్లు బయటికి, పాదాలు లోపలికి." రాసుకుంది.

వంకర కాదు. చెట్టు వంచింది. ఈ మాట అక్కడ అనలేదు. ఇక్కడ రాస్తున్నా.

జనవరి 7

వెంకన్న బావ వచ్చాడు. ఊళ్లో కల్లుగీత సంఘానికి పెద్ద అతనే. మంచం మీద కూర్చోకముందే మొదలు — "బావా, నీ ఏడు చెట్ల సంగతి ఏంది? వచ్చే నెల మూడున పొద్దుగూకినంక పంచుతం. ఎక్కొచ్చని సిస్టర్ కాయితమిస్తే నీయి నీకే. లేకుంటే ఇంకోలకు పోతయి. ఇంక నువ్వు కింద కూసొని కల్లు పొయ్యరాదూ, హాయిగ."

కింద కూర్చోవాలట.

"ఎక్కుత" అన్నా. అంతే అన్నా.

జనవరి 9

ఎడమ చేత్తో గుండీ పట్టలేకపోయా. ఎల్లమ్మ పెట్టబోయింది. వద్దన్నా. రోజంతా చొక్కా లేకుండా తిరిగా. చలి.

జనవరి 13, మంగళవారం

"రెండు చేతులు ఎత్తు తాతా. చెవులకు తాకాలె."

కుడిది తాకింది. ఎడమది భుజం దాకా వచ్చి ఆగింది. నడుము కొంచెం పక్కకు వంచా, భుజం పైకి లాగా. చేయి లేచినట్టే కనబడుతుంది కదా... సిస్టర్ వెనక్కి వచ్చి నా భుజం మీద అరచేయి పెట్టి నొక్కింది. చేయి దిగిపోయింది.

"భుజం ఎగరేసి చెయ్యి ఎత్తిన అంటవా? నా కాడ నడవది."

ఎల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

తర్వాత తన రెండు వేళ్లు ఇచ్చింది. పిసకమంది. కుడి చేత్తో పిసికా. "అమ్మో! ఇడువు, ఇడువు!" ఎడమ చేతికి ఇచ్చింది. కాసేపు చూసి, "ఊ... పిసుకు" అంది.

పిసుకుతూనే ఉన్నా.

కాయితం అడిగింది ఎల్లమ్మ. సిస్టర్ తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడియ్య. తాత పడితే చెట్టు మీదికెళ్లి కాదు, నా సంతకం మీదికెళ్లి పడ్డట్టు."

జనవరి 15

వేళ్లను గోడ మీద పాకించమంది సిస్టర్, రోజుకింత పైకి. తడి తువ్వాల పిండమంది. పిండుతున్నా. గోడ మాత్రం నున్నగా ఉంది, వేళ్లు పట్టవు. చేను గట్టు మీది పొట్టి తాటిచెట్టు దగ్గరికి పోయా. దాని మాను మీదే పాకించా. ఆగిన చోట బొగ్గుతో గీత పెట్టా.

గీత నా గడ్డం ఎత్తున ఉంది.

జనవరి 18

గీత ముక్కు దగ్గర. నొప్పి... రాయను.

జనవరి 20, మంగళవారం

చెట్టెక్కే మోకు తీసుకుపోయి సిస్టర్ బల్ల మీద పెట్టా. ఎల్లమ్మకు కూడా చెప్పలేదు.

"ఇదేంది తాతా? పాములెక్క ఉంది."

చెప్పా. నేనే చెప్పా. ఇది చెట్టు చుట్టూ, నడుము చుట్టూ తిరుగుతుంది. దీనికి ఆనుకుని వెనక్కి వాలాలి. మోకాళ్లతో మానును కరిచి పట్టాలి, పాదాలు లోపలికి తిప్పి తొక్కాలి. పన్నెండో ఏట నుంచి అదే తొక్కుడు. "వంకర గాదు సిస్టరమ్మా. చెట్టు వంచింది."

ఇంత మాట ఎప్పుడు మాట్లాడానో గుర్తు లేదు. ఎల్లమ్మ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

సిస్టర్ వరండా స్తంభం చూపించింది. "గట్లనా? పట్టి చూపియ్." పట్టా. నా తొడ మీద చేయి వేసి చూసింది. "రాయి లెక్క ఉంది!" కాయితం మీద ఏదో కొట్టేసి, ఏదో రాసింది.

గెలిచాననుకున్నా. అప్పుడు అడిగింది.

"మరి మోకు పైకి జరపాలంటే రెండు చేతులు గావాలె గదా తాతా?"

"...అవ్."

జనవరి 25

గీత నెత్తి ఎత్తుకు వచ్చింది. ఇంటికొచ్చి చెప్పా. "చెయ్యి గాదు, నీ మొండితనం పెరిగింది" అంటోంది ఎల్లమ్మ. అంటూనే తువ్వాల తడిపి ఇచ్చింది.

జనవరి 27, మంగళవారం

వేళ్లు ఇచ్చింది. ఈసారి "ఊ" అనలేదు, "ఆఁ" అంది. అయినా కుడిదాంట్లో సగమేనట. "వచ్చే మంగళవారం ఆఖరు సారి చూస్త. గప్పటి దాంక చెట్టు ముట్టద్దు."

వచ్చే మంగళవారమే మూడో తారీఖు.

తల ఊపా. ముట్టనని మాత్రం అనలేదు.

జనవరి 31

వెంకన్న బావ నా చెట్లకింద తిరుగుతున్నాడు. తల పైకెత్తి గెలలు చూస్తున్నాడు. నేను గట్టు మీదే నిలబడ్డా, అతను పోయేదాకా.

ఫిబ్రవరి 2

పొద్దున్నే. మంచు ఇంకా ఉంది. పొట్టి చెట్టు. మోకు చుట్టా. ఎవ్వరూ లేరు.

ఒకసారి జరిపా. రెండోసారి. మూడోసారికి ఎడమ చేతిలో పట్టు పోయింది. మోకు జారింది. ఛాతీ మానుకు కొట్టుకుని, గీసుకుంటూ దిగింది...

ఆగా.

ఆపింది చేతులు కాదు. మోకాళ్లు ఆపాయి. సిస్టర్ వంకర అన్న కాళ్లే మానును పట్టుకుని ఉన్నాయి.

చెట్టును కరుచుకుని కాసేపు అట్లానే ఉన్నా. గుండె చప్పుడు చెట్టుకు కూడా వినబడి ఉంటుంది. తర్వాత నాలుగోసారి జరిపా. కిందికి కాదు.

ఎంత దాకా ఎక్కానో ఇక్కడ కూడా రాయను.

ఫిబ్రవరి 3, మంగళవారం

దవాఖానా అరుగు మీద, మోకు పక్కన పెట్టుకుని రాస్తున్నా. సిస్టర్ లోపల ఉంది.

ఇందాక చొక్కా విప్పమంది. గుండీలు నేనే విప్పా, రెండు చేతులతో. ఛాతీ నిండా కొత్త గీరలు. ఆమె పెన్ను ఆగింది. ఎల్లమ్మ కూడా అప్పుడే చూసింది. "ఓరి ముసలోడా... చెట్టెక్కినవా!"

"నువ్వాగు అవ్వా." సిస్టర్ నన్నే చూస్తోంది. "ఇవేంది తాతా?"

ఎడమ చేయి ఎత్తా. ఆమె వెనక్కి వచ్చి, భుజం ఎగరకుండా అరచేయి పెట్టింది. బాగా నొక్కింది. చేయి చెవికి తాకింది. తాకించి అట్లానే ఉంచా. ఆమె దించమనలేదు, నేను దించలేదు.

"పడ్డవా?"

"జారిన. పడలే."

"బయట కూసో" అంది, కాయితం ముందుకు లాక్కుంటూ.

ఎల్లమ్మ నాతో మాట్లాడటం లేదు. అరుగు ఆ చివర కూర్చుంది. రోడ్డు మీద వెంకన్న బావ బండి ఆపి, "ఏమాయె బావా?" అని అరుస్తున్నాడు. చెయ్యి చూపించా, ఆగమని.

లోపల పెన్ను చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది.

మోకు తీసి భుజాన వేసుకున్నా. ఎడమ భుజాన.