వేకువచుక్క క్లబ్బుకు పదకొండు మంది

కడప జిల్లా, జమ్మలమడుగు పట్టణం, మిషన్ కాంపౌండు వెనక వీధి కాపురస్థురాలిని, కీర్తిశేషులు మారెపోగు సత్యానందం గారి భార్యను, ఎలిమెంటరీ పాఠశాల హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరైన మారెపోగు లీలమ్మ అను నేను, నా అరవై తొమ్మిదో ఏట, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా చెప్పి రాయించుకున్న వీలునామా ఇది. రైటరు ఇర్ఫాన్ అలవాటు కొద్దీ ‘సంపూర్ణ ఆరోగ్యంతో’ అని రాసుకొస్తే కొట్టేయించాను. కడుపులో గడ్డ పెట్టుకుని దేవుని ఎదుట ఆ మాట ఎట్లా రాయిస్తాను? బుద్ధి మాత్రం నిలకడగా ఉంది. ఇర్ఫాన్ మూడో తరగతి నా దగ్గరే చదివాడు. వాడి ఒత్తులు ఇప్పటికీ నేనే దిద్దుతున్నాను, ఇంతకన్నా రుజువు ఏం కావాలి.

ఫిబ్రవరి నెల సగం దాటడం కూడా కష్టమని కడప డాక్టరమ్మ నా కూతురితో గది బయట చెప్పింది. తలుపు సరిగా వేయలేదు, నాకు వినబడింది. పోవడానికి నాకు భయం లేదు. నా భయమల్లా ఆ నెల ఎనిమిదో తేదీ, రెండో శనివారం గురించే. ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకు ప్రొద్దుటూరులో పినాకిని లీగు ఆట ఉంది. ఆ ఆటకు మా వేకువచుక్క ఫుట్‌బాల్ క్లబ్బు తరఫున పదకొండు మంది నిలబడకపోతే లీగులోంచి క్లబ్బు పేరు కొట్టేస్తారు. వరసగా రెండేండ్లు ఆటకు రాని క్లబ్బును తీసేయడం వాళ్ల రూలు. పోయిన ఏడు మావాళ్లు పోలేదు. ఎందుకు పోలేదో వీధంతటికీ తెలుసు. శుక్రవారం సాయంత్రం మా ఆయన చనిపోయాడు, శనివారం ఆ పదకొండు మందీ సమాధుల తోటలో ఆయన పెట్టె మోస్తున్నారు. అవతల రెఫరీ మావాళ్ల కోసం చూసి చూసి విజిల్ ఊది, ఎదుటి వాళ్లను గెలిపించాడు. నలభై ఏండ్లు ఆ క్లబ్బుకు గోలీగానూ కోచ్‌గానూ బతికిన మనిషి, ఆయన చావే క్లబ్బుకు గండమైంది.

ఈ ఏడు నా వల్ల అట్లా జరగకూడదు. ఈ కాగితం రాయించింది అందుకే. ఆస్తులు కొంచెమే కాబట్టి ముందు వాటి సంగతి తేల్చేస్తాను.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, దాని ముందరి వసారా, వెనక ఖాళీ స్థలం, నా తదనంతరం నా కుమారుడు జాన్సన్‌కు దానవిక్రయాది సర్వహక్కులతో చెందవలెను. వాడు చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో లోడర్ నడుపుతాడు, సిమెంటు దుమ్ముతో ఇంటికి తెల్లగా వచ్చి కటువుగా మాట్లాడతాడు, అయినా మంచివాడు. వసారాలో క్లబ్బు వలలు, జెండాలు, ఒక చెక్క బెంచీ ఉన్నాయి. అవి ఇంటి కింద రావు. వాటిని తీసేసి వసారా అద్దెకిచ్చే ఆలోచన కోడలికి ఉందని నాకు తెలుసు. వద్దమ్మా.

2. సింహాద్రిపురం దగ్గర మా పుట్టింటి వారిచ్చిన ఎకరం మెట్ట నా కుమార్తె నిర్మలకు చెందవలెను. నా మెడలో గొలుసు కూడా ఆమెదే. నిర్మల పులివెందులలో టీచరు. ఆమె నిశ్చితార్థం నాడు వాళ్ల నాయన ఫైనల్ ఆట ఉందని రాయచోటికి పోయి, పెళ్లివారు తాంబూలాలు తీసుకున్నాక, మోకాలికి కట్టు కట్టుకుని వచ్చాడు. ఆ నెలంతా ఆమె ఆయనతో మాట్లాడలేదు. నేనైతే రెండు నెలలు మాట్లాడలేదు. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా నిర్మలకే అప్పగిస్తున్నాను. మగవాళ్లుండగా ఆడపిల్లకు ఎందుకని ఎవరైనా అడిగితే, మగవాళ్లకు ఆ రోజు వేరే పని ఉందని చెప్పండి.

3. మా ఆయన సైకిలు నా మరిది జయపాల్‌కు. వాడికి మోకాళ్లు పోయాయి, తొక్కలేడు, తోసుకుంటూ తిరగనీ.

ఇంత కోపం ఎందుకో కూడా రాయిస్తాను. నాలుగేండ్ల కిందట జయపాల్ క్లబ్బు సెక్రటరీ. ఊరి పిల్లోళ్లతో ఆడే క్లబ్బు వాడి కంటికి ఆనలేదు. ప్రొద్దుటూరులో ప్లాట్లు అమ్మే కంపెనీ వాళ్లను పట్టుకొచ్చి, చొక్కాల మీద వాళ్ల పేరు వేయించి, ఆ ధైర్యంతో బయటి ఊర్ల నుంచి జీతాల ఆటగాళ్లను దింపాడు. ‘వదినా, చూస్తాండు, స్టేట్ లెవెల్‌కు పోతాం’ అని నా వంటింట్లో నిలబడి చెప్పాడు. మా పిల్లోళ్లు బెంచీ మీద కూర్చున్నారు, తర్వాత కూర్చోవడం కూడా మానేసి క్రికెట్‌కు పోయారు. ఒక్క సీజను కాగానే కంపెనీ చేతులెత్తేసింది. జీతగాళ్లు సంచులు సర్దుకుని వెళ్లిపోయారు. లాడ్జి వాడు, బస్సు వాడు, మెస్సు ఆవిడ బాకీల కోసం వచ్చి మా గుడి, అంటే చర్చి, గేటు దగ్గర కూర్చున్నారు. కాలు బయట పెట్టాలంటే సిగ్గేసేది.

అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, జయపాల్‌ను క్షమించానని రాయించమన్నారు. సగం క్షమించాను. మిగతా సగం వాడు శనివారం గ్రౌండులో నిలబడితే క్షమిస్తాను.

4. క్లబ్బు వెండి కప్పు ఎవరికి రాస్తున్నావని నన్ను చాలామంది అడిగారు. అది నా దగ్గర లేదు, కాబట్టి ఎవరికీ రాయడం లేదు. అప్పులు తీర్చడానికి మావాళ్లు గ్రౌండులోనే కోతపండుగ పద్ధతిలో వేలం పెట్టారు. మా గుడిలో కోతపండుగ వేలం ఎట్లా ఉంటుందో తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ఒకాయన గుమ్మడికాయ పాడుకుంటాడు, డబ్బు కట్టి, కాయను మళ్లీ దేవునికే ఇచ్చేస్తాడు. దాన్ని ఇంకొకాయన పాడుకుంటాడు, ఆయనా ఇచ్చేస్తాడు. ఒక్క కాయ పొద్దుగూకేదాకా చేతులు మారుతుంది, చివరికి ఏ ముసలమ్మ ఇంట్లోనో పులుసవుతుంది. అదే ధైర్యంతో కప్పును కూడా వేలంలో పెట్టారు. మా ఆయన పాడి ఇచ్చేశాడు, పంక్చర్ షాపు అమీర్ బాషా పాడి ఇచ్చేశాడు. మూడోసారి ప్రొద్దుటూరు నుంచి ఊరికే చూడటానికి వచ్చిన వెండి వ్యాపారి అందరికన్నా పెద్ద పాట పాడి, డబ్బు కట్టి, కప్పును టవల్లో చుట్టుకుని కారెక్కాడు. ఆయనకు మా పద్ధతి తెలియదు. ఆయన తప్పేం లేదు, డబ్బు కట్టాడు, ఆ డబ్బుతోనే మెస్సు ఆవిడ అప్పు తీరింది. కారు మలుపు తిరిగేదాకా మా ఆయన చెయ్యి పైకెత్తి పెట్టుకునే ఉన్నాడు, పిలవాలో వద్దో తెలియక. ఆ చెయ్యి నేను చూశాను. అంత పెద్ద మనిషి అట్లా నిలబడటం నేను చూడకుండా ఉంటే బాగుండేది.

5. ఇంటి వెనక ఖాళీ స్థలంలో గడ్డి మేపుకునే హక్కు రామన్నకు, అతని గొర్రెలకు. ఇల్లు జాన్సన్‌ది అయినా గడ్డి రామన్నది. ఆటకు ముందు రోజు గ్రౌండులో గడ్డి కోసే మిషను మాకు ఎన్నడూ లేదు, రామన్న నాయన కాలం నుంచీ వాళ్ల గొర్రెలే ఆ పని చేశాయి. అప్పులు తీరినాక చేతిలో పైసా లేదు, ఆడేవాళ్లు లేరు, క్లబ్బు మూసేద్దామని మీటింగు పెట్టినప్పుడు, లేచి నిలబడింది కూడా ఈ రామన్నే. ‘ఇన్నేండ్లు గట్టు మీద కూచోని అరిచినాం కదప్పా. ఈ తూరి మనమే దిగుదాం. ఓడిపోతే ఓడిపోతాం, పేరన్నా ఉంటాది’ అన్నాడు.

అట్లా దిగారు. చూసేవాళ్లే ఆడేవాళ్లయ్యారు. అరవై ఏండ్ల జయపాల్, పంచె ఎగగట్టి చెప్పుల్లేకుండా రామన్న, పంక్చర్ షాపు అమీర్ బాషా, హోటలు మాస్టరు, ఆటోవాళ్లు, మా జాన్సన్, వీళ్లందరిలో ఊపిరి సరిగా ఉన్న ఒకే ఒక్క మనిషి మా అయ్యగారు. మొదటి ఏడు పద్నాలుగు గోల్స్ తిన్నారు. ప్రొద్దుటూరు పిల్లోళ్లు పడీ పడీ నవ్వారు. రామన్న ఆట మధ్యలో నిలబడిపోయి, ‘ఉండండప్పా, రవ్వంత ఊపిరి తీసుకోనీండి’ అని ఎదుటి వాళ్లనే బతిమాలాడు. గట్టు మీద మేము ఆడవాళ్లం ఏడుపూ నవ్వూ కలిసి గొంతులు పోగొట్టుకున్నాం. కానీ లీగులో పేరు ఉండిపోయింది.

6. నా కుట్టుమిషను అమీర్ బాషా భార్య షాహిస్తాకు. చొక్కాల మీద ఆ ప్లాట్ల కంపెనీ పేరును ఒక్కొక్క అక్షరం విప్పింది నేనే, నంబర్లు మళ్లీ కుట్టింది ఆ మిషను మీదే. కుడివైపు చక్రం కొంచెం పట్టేస్తుంది, రెండు చుక్కలు నూనె వేస్తే చాలు షాహిస్తా, మెకానిక్‌ను పిలవద్దు. అమీర్ బాషాకు విడిగా ఏమీ రాయడం లేదు. గోల్‌లో మా ఆయన నిలబడిన చోట నిలబడుతున్నాడు, అంతకన్నా విలువైనది నా దగ్గర లేదు.

పక్కింటి గంగులమ్మకు నా ఇత్తడి బిందె ముందే చేతికిచ్చేశాను. ఆమె దీనికి సాక్షి, సాక్షులకు వీలునామాలో ఏమీ రాయకూడదని ఇర్ఫాన్ చెప్పాడు.

7. ఇప్పుడు శనివారం సంగతి. లీగుకు ఆటగాళ్ల పేర్లు డిసెంబరులోనే ఇచ్చేశారు. సరిగ్గా పదకొండు పేర్లే, పన్నెండోవాడు దొరకలేదు. వాళ్లలో నా కొడుకు ఉన్నాడు, మరిది ఉన్నాడు, ఇరుగుపొరుగు ఉన్నారు, భూస్థాపన చేయాల్సిన అయ్యగారు కూడా ఉన్నారు. నేను ఆ రోజుకు చనిపోయి ఉంటే ఒక్కడూ కదలడని నాకు తెలుసు. మొన్న జాన్సన్ నా మంచం పక్కన కూర్చుని, ‘అమ్మా, నువ్వు ఈడ ఇట్లుంటే నేను ఆడికి పోయి ఏం ఆడాలమ్మా? క్లబ్బు పోతే పోనీ’ అన్నాడు. వాడు అట్లా అనడం నాకు సంతోషంగానే ఉంది. తల్లిని కదా. కానీ నేను ఒప్పుకోను.

ఆటకు పోతేనే ఇల్లు చెందుతుందని షరతు పెట్టమంటారా టీచర్, అని ఇర్ఫాన్ అడిగాడు. వద్దన్నాను. ఇల్లు జాన్సన్‌దే, వాడు పోయినా, పోకపోయినా. ఇంటి కోసం ఆడితే అది వాడికీ బరువు, నాకూ బరువు. ఇది షరతు కాదు, అమ్మ అడుగుతోంది.

నేను ఆ శనివారానికి బతికి ఉంటే, నన్ను చూసుకోవడానికి నిర్మల చాలు. ఆ ముందు రోజో, ఆ ఉదయమో పోతే, ప్రొద్దుటూరు నుంచి ఫ్రీజరు పెట్టె తెప్పించండి. మా గుడి స్త్రీల మైత్రి సంఘం వాళ్లు వచ్చి పాటలు పాడుకుంటూ నా దగ్గర కూర్చుంటారు, వాళ్లతో మాట్లాడి పెట్టాను. మీరు పదకొండు మందీ రెండు గంటలకల్లా బండెక్కండి. భూస్థాపన ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టుకోండి. తల్లి శవం ఇంట్లో పెట్టుకుని బంతాటకు పోయాడని రేపు ఎవరైనా నా కొడుకును ఒక్క మాట అంటే, నిర్మలా, ఈ పేజీ తీసి వాళ్లకు చదివి వినిపించు. ఆ మాట పడాల్సింది వాడు కాదు, నేను. పంపింది నేను. సంతకం పెట్టి, సాక్షుల ఎదుట, బుద్ధి తెలిసి పంపుతున్నాను.

గెలవమని అడగడం లేదు, మీ ఊపిరి ఎంతో నాకు తెలియదా. ఆట అయిపోయేదాకా నిలబడి రండి. వచ్చాక కాళ్లు కడుక్కోవద్దు, చొక్కాలు మార్చుకోవద్దు, నేరుగా లోపలికి రండి. మా ఆయన ప్రతి ఆట సాయంత్రం గడప దాటుతూనే ఎన్ని తిన్నామో, ఎన్ని కొట్టామో నాకు చెప్పేవాడు, ఆ తర్వాతే నీళ్లు తాగేవాడు. పోయిన ఏడు నాకు ఆ మాట చెప్పేవాళ్లు లేరు. జాన్సన్, ఈసారి నువ్వు నా తల దగ్గర కూర్చుని ఆ లెక్క గట్టిగా చెప్పు నాయనా. పెట్టె మూత ఆ తర్వాత వేయండి.

పైన రాయించినదంతా ఇర్ఫాన్ చదివి వినిపించగా విని, సరిగా ఉందని ఒప్పుకుని, నా చేత్తో సంతకం చేశాను. ఇంతకు ముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు, ఇక రాసే ఓపిక కూడా లేదు.

తేదీ: 22 జనవరి 2025, బుధవారం
జమ్మలమడుగు

(సంతకం) మారెపోగు లీలమ్మ

సాక్షులు:
1. గంగులమ్మ, పక్కింటి కాపురస్థురాలు (వేలిముద్ర)
2. ఖమర్‌బీ, ఎదురింటి కాపురస్థురాలు (సంతకం)

రాసినది: దస్తావేజు రైటరు ఇర్ఫాన్